టీచరమ్మగారి తప్పుల పుస్తకాలు

1933వ సంవత్సరం జూలై పదో తేదీ, సోమవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు టీచరమ్మగారి ముందు నా మొదటి తప్పు చేశాను. గంటా నిమిషాలతో సహా చెప్పగలుగుతున్నది నా జ్ఞాపకశక్తి వల్ల కాదు. పిల్లలు చేసిన ప్రతి తప్పు పక్కనా ఆవిడ తేదీ, గంట వేసుకునేవారు. ఆవిడ రాసుకోవడం చూసి నేనూ ఆ సాయంత్రమే రాసుకున్నాను. తర్వాత ఏ ఏటి డైరీ కొన్నా ముందు ఆ ముక్క అందులోకి ఎక్కించాను.

పోయిన నెల మా చర్చి మాసపత్రికలో ఆవిడ మరణవార్త వచ్చింది. రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాల్లో మూడు తప్పులు. ఏలూరు బాలికల బడిలో ఆవిడ పదిహేనేళ్లు పనిచేశారని రాశారు. పనిచేసినది తొమ్మిదేళ్లు. ట్రైనింగయిన ఉపాధ్యాయిని అన్నారు. ఆవిడకు ట్రైనింగు లేదు, జరిగిందంతా అందువల్లే జరిగింది. పలు పుస్తకాలు రచించారన్నారు. ఆవిడ పేరుతో ఒక్క పుస్తకమూ అచ్చు కాలేదు. ఎందుకు కాలేదో చెప్పగలిగినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే కాబట్టి రాస్తున్నాను. పేరు రాయను. మేమంతా టీచరమ్మగారనే అనేవాళ్లం, ఇక్కడా అదే చాలు.

మాది కొల్లేటి గట్టు మీద ఊరు. నాన్న దోనె నడిపేవారు. ఫస్టు ఫారంలో, అంటే ఆరో తరగతిలో, చేర్పించి బడి హాస్టల్లో దింపి వెళ్లారు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. మొదటి ఇంగ్లీషు పాఠం రోజున టీచరమ్మగారు కొత్త పిల్లలందరినీ ఏలూరు ఎలా వచ్చారో ఇంగ్లీషులో చెప్పమన్నారు. నా వంతు వచ్చింది. లేచి, "ఐ వాజ్ కేమ్ బై బోట్" అన్నాను.

ఆవిడ ఎడమచేతి చూపుడు వేలు పైకెత్తారు. తప్పని ఎప్పుడూ నోటితో అనేవారు కాదు. ఆ వేలు లేచిందంటే ఎక్కడో తప్పు పడిందని అర్థం, అది ఎక్కడో మనమే వెతుక్కోవాలి. నేను వెతుక్కోలేకపోయాను.

"సరే, నీ బుర్రలో తెలుగులో ఏమనుకున్నావో చెప్పు," అన్నారు.

"పడవలో వచ్చానండీ."

"మరి ఆ వాజ్ ఎక్కడ ఎక్కిందే పడవ?"

"గౌరవంగా ఉంటుందని నేనే పెట్టానండీ."

క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. బల్ల మీది పుస్తకం తెరిచి, నేనన్న ఇంగ్లీషు ముక్క సిరాతో రాసి, కింద నేనన్న తెలుగు ముక్క పెన్సిలుతో రాసి, పక్కన "గౌరవం కోసం" అని చేర్చారు. తర్వాత నాతో, నీది పదిహేను వందల ఎనభై మూడోది, ఇంతకుముందు ఈ కారణం ఎవరూ చెప్పలేదు అన్నారు. ఏదో బహుమతి ఇచ్చినట్టే అనిపించింది నాకు.

ఆవిడ ఏరుకునేవి అన్ని రకాల తప్పులూ కాదు. పాసివ్ వాయిస్ దగ్గర మా పిల్లలు పడే తప్పులు మాత్రమే. మిగతావి ఏ వ్యాకరణ పుస్తకంలోనైనా ఉంటాయి, ఇవి మాత్రం లేవు అనేవారు. ఆ పుస్తకాలు రాసిన దొరలకు తెలుగు రాదు. తెలుగు వాచకాలేమో చంపబడెను, తినబడెను అని నేర్పుతాయి. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. అమ్మ అన్నం తినబడినదా అని అడగదు, తిన్నావా అంటుంది. అందుకని ఇంగ్లీషులో ఆ మలుపు రాగానే పిల్ల ఇంటి తెలుగునీ బడి తెలుగునీ రెంటినీ వదిలేసి గాలిలో నిలబడుతుంది. నిలబడినప్పుడు ఏది పట్టుకుంటుందో అదే నాకు కావాలి అనేవారు.

మేం పట్టుకున్నవి చాలా ఉండేవి. వచ్చింది, చచ్చింది, పడుకుంది లాంటి వాటన్నిటికీ వాజ్ తగిలించేవాళ్లం. ద ఫిష్ వాజ్ డైడ్. ద ట్రెయిన్ వాజ్ అరైవ్డ్. వాజ్ పెట్టాల్సిన చోట మింగేసేవాళ్లం. ద లెటర్ రిటన్ బై మి. మూడో రూపం బదులు రెండోది వేసేవాళ్లం. ద రైస్ వాజ్ ఏట్. బై తర్వాత హిమ్ అనకుండా హి అనేసేవాళ్లం. అసలు బై అక్కర్లేని చోట కూడా పెట్టకపోతే ఏదో ఎగ్గొట్టినట్టు అనిపించి, ద రోడ్ వాజ్ మేడ్ బై సమ్‌బడీ అనేవాళ్లం.

ఆవిడ చెప్పే తీరు మా కొల్లేటి పిల్లలకు ఇట్టే ఎక్కేది. తినడానికి రెండు గట్లున్నాయి, ఇటు తినేవాడు, అటు తిండి. కాబట్టి పడవ ఇటునించి అటూ పోతుంది, అటునించి ఇటూ వస్తుంది. రావడానికి ఒకటే గట్టు, వచ్చేవాడు. చావడానికీ అంతే. అవతలి గట్టు లేని చోట పడవ తిప్పితే ఏమవుతుందర్రా అని అడిగేవారు. మునుగుతుందండీ అని అరిచేవాళ్లం. ఈ అరవై ఏళ్లలో నేను చాలామంది పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. ఇంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు.

నా పక్కన కూర్చునే సుగుణది నిడదవోలు వైపు. ఓసారి ఆవిడ బల్ల మీది బిస్కట్టు మాయమైంది. సుగుణ ముందే లేచి, "ద బిస్కట్ వాజ్ ఈటెన్ అండీ" అంది. వాక్యం తప్పు లేదు.

"బాగుంది. బై పెట్టలేదు, పెట్టక్కర్లేదు కూడా," అన్నారు టీచరమ్మగారు. "మూతి తుడుచుకో."

ఇంకో పిల్ల, ఐ బార్న్ ఇన్ ఆకివీడు, అంది. "నిన్ను నువ్వే కనేసుకున్నావా? మీ అమ్మ అప్పుడేం చేస్తోందే?" అన్నారు. ఆ పిల్ల ఆ తప్పు మళ్లీ జన్మలో చేయలేదు. ఆవిడ దెబ్బ వేయడం నేను చూడలేదు. దెబ్బలాంటి మాట మాత్రం అనేవారు, అని వెంటనే మర్చిపోయేవారు. మేం మర్చిపోయేవాళ్లం కాదు.

పొట్టి మనిషి. బోర్డు దగ్గరికి వెళ్లేముందు కొంగు నడుం చుట్టూ బిగించి దోపుకునేవారు, నాట్లకు దిగే మనిషిలాగా. సుద్దముక్క గోరు తగిలేదాకా అరగదీసేవారు. ఆదివారం గుడిలోనో, ఏలూరు కాలవ గట్టున షికారు తీసుకెళ్లినప్పుడో ఏ పిల్ల నోటనైనా తప్పు వినబడితే చేతిలో పుస్తకం ఉండేది కాదు కదా, కొంగు చివర ఒక ముడి వేసేవారు. హాస్టలుకి వచ్చాక కూర్చుని ఒక్కో ముడీ విప్పుతూ ఒక్కో తప్పూ గుర్తు తెచ్చుకుని రాసేవారు. ఓ క్రిస్మసు రోజున పదకొండు ముడులు లెక్కపెట్టాను. గుడి మెట్ల మీద కలిసిన దొరసానిగారు, అంటే మా బడి పెద్దావిడ, ఆ కొంగు చూసి అదేమిటని అడిగారట. ఇవాళ పిల్లలు బాగా మాట్లాడారండీ అని జవాబు చెప్పారట.

ఆ పుస్తకాలు ఎలా తయారయ్యేవో ఇక్కడ చెప్పాలి.

మా హాస్టల్లో ప్రతి ఏప్రిల్లోనూ ఒక పని ఉండేది. పరీక్షలవగానే పిల్లలందరం ఆ ఏటి రాతపుస్తకాలు పడమటి వరండాలో పోగు పోసేవాళ్లం. వాటిని చింపి గాబులో ఒక రాత్రంతా నానబెట్టాలి. మర్నాడు పొద్దున్నే నానిన మెంతులు వేసి రోట్లో దంచితే వెన్నలాంటి గుజ్జు వస్తుంది. దాన్ని హాస్టల్లో ఉన్న వెదురు చాటలకీ బుట్టలకీ లోపలా బయటా అలికి ఎండబెడితే మళ్లీ వేసవి దాకా బియ్యం గింజ కూడా సందులోంచి జారదు. మెంతుల చేదుకి పురుగు రాదు. మా ఊళ్లలో అందరిళ్లలోనూ చేసే పనే, ఇంట్లో అంత కాగితం ఉండదు కాబట్టి హాస్టల్లో ఇంకా బాగా చేసేవాళ్లం.

పోగు పోసేముందు రాయని కాగితాలు చింపి టీచరమ్మగారికి ఇవ్వడం ఆనవాయితీ. ఆవిడ వాటిని దబ్బనంతో కుట్టి, పిల్లల పాత పుస్తకాల అట్టలే వేసుకునేవారు. ఏడాదికి ఒక పుస్తకం, అరవై నాలుగు పేజీలు. అట్ట మీద ఏ అమ్మాయి పేరో, ఏ ఫారమో ఉండేది. లోపల మాత్రం మా తప్పులు. నడుస్తున్న ఏటి పుస్తకానికి ఒక పెద్ద నీలం గుడ్డ మడతలు చుట్టి తొడుగులా వేసుకునేవారు. మేం చూసింది ఆ నీలం తొడుగునే. పాతవి ఆవిడ పెట్టెలో ఉండేవి.

1936 ఫిబ్రవరిలో బడికి పైనుంచి కాగితం వచ్చింది. జూలైలో బడి తెరిచేనాటికి ఫారాలకు పాఠం చెప్పేవాళ్లందరికీ ట్రైనింగు ఉండాలి. టీచరమ్మగారు ఇంటరు దాకా చదివారు, ట్రైనింగుకి వెళ్లలేదు. ఏటేటా దొరసానిగారు ఏదో రాసి నెట్టుకొస్తున్నారు. ఈసారి ఆవిడ ఒక దారి చెప్పారు. మీ తప్పుల పుస్తకాలన్నీ కలిపి ఒక్క పుస్తకంగా శుభ్రంగా రాసి వేసవిలో అచ్చు వేయించండి, బడి తెరిచేలోగా దాన్ని నేనే ఇన్‌స్పెక్ట్రెస్‌గారి చేతిలో పెట్టి మీకు మినహాయింపు అడుగుతాను అన్నారు. ఏలూరు బజారులో ప్రెస్సాయన మే నెలాఖరుకి రాత అందిస్తే అచ్చు వేస్తానన్నాడు. సెలవులకి తాడేపల్లిగూడెంలో అన్నగారింటికి వెళ్లి అక్కడ కూర్చుని సాపు రాయాలని ఆవిడ ఏర్పాటు.

ఇది రహస్యం కాదు. ఆవిడే క్లాసులో చెప్పారు. "నా ఉద్యోగం మీ తప్పుల మీద ఉందర్రా. ఇంకా రెండు నెలలుంది, ఇప్పుడు మానేయకండి."

అప్పటికి నేను థర్డు ఫారం. మొదటి ఏడు నావి ఇరవై ఏడు తప్పులు, రెండో ఏడు తొమ్మిది, మూడో ఏడు ఒకటి, మొత్తం ముప్పై ఏడు. హాస్టల్లో నాకు లెక్కల పిల్ల అని పేరు. దీపాల లెక్క, కంచాల లెక్క నా చేతిలో ఉండేవి. ఆ ఏడు కాగితం గుజ్జు పని కూడా నాకే అప్పగించారు.

ఏప్రిల్ పదిహేడు, శుక్రవారం. టీచరమ్మగారు మర్నాటి బండికి బయల్దేరాలి. గది ఖాళీ చేసి ఊడ్పించుకుంటూ, పెట్టె, పరుపు, తొమ్మిది పుస్తకాలు పడమటి వరండాలో బల్ల మీద ఎండకి పెట్టారు. పుస్తకాల్లో వెండిపురుగు ఉందని అనుమానం. నీలం తొడుగు ఉతికి తాడు మీద ఆరేశారు, ఆరాక పుస్తకాలన్నీ అందులో మూటగట్టాలని. ఇంతలో దొరసానిగారు పిలిపించారు. కాసేపు ఎండాక ఇవన్నీ లోపల పెట్టమని వంటావిడ ఆయమ్మకి చెప్పి వెళ్లారు. ఆయమ్మ పెట్టె, పరుపు లోపల పెట్టింది. అప్పటికే పిల్లలు తెచ్చి పడేసిన రాతపుస్తకాలు బల్ల మీదికి కూడా పొర్లాయి. పుస్తకాలన్నీ గుజ్జుకే అనుకుంది.

నేను లెక్క పెట్టాను. హాస్టల్లో ముప్పై నలుగురం, మనిషికి ఆరు, మొత్తం రెండు వందల నాలుగు ఉండాలి. రెండు వందల పదమూడు వచ్చాయి. మళ్లీ లెక్క పెట్టాను. పదమూడే. ఎవరో నిరుటివి కూడా పెట్టె అడుగునుంచి తీసి తెచ్చి ఉంటారనుకున్నాను. తక్కువ వస్తే ఎవరు ఇవ్వలేదో వెతికేదాన్ని. ఎక్కువ వచ్చాయి కాబట్టి వెతకలేదు. ఎక్కువైతే మంచిదేగా పాపా, ఇంకో చాటకి వస్తుంది అంది ఆయమ్మ.

మూడు గంటలకి ఎనిమిది మందిమి చింపడానికి కూర్చున్నాం. అట్ట ఊడబీకి, కుట్టు తెంపి, నాలుగేసి కాగితాలు కలిపి అడ్డంగా చింపి గాబులో పడేయడమే పని. ఎవరూ చదవరు. పరీక్షలయిపోయిన పిల్ల ఇంగ్లీషు రాసిన కాగితం వంక చూడదు. ఆ తొమ్మిదీ ఎవరి చేతిలోకి వచ్చాయో నాకు తెలియదు. కొన్నయినా నా చేతిలోకే వచ్చి ఉంటాయి.

శనివారం పొద్దున ఏడు దాటాక రెండు రోళ్లలో దంచుతున్నాం. రాత్రి దొరసానిగారి దగ్గర్నించి పొద్దుపోయి వచ్చి పడుకున్న టీచరమ్మగారు ఆరిన నీలం గుడ్డ చేత్తో దులుపుకుంటూ వరండాలోకి వచ్చారు. బల్ల మీద నా పుస్తకాలు ఎవరు లోపల పెట్టారమ్మాయ్, గదిలో కనబడలేదు అని అడిగారు.

నా చేతిలో రోకలి ఆగింది.

"తొమ్మిదాండీ?" అన్నాను.

ఆవిడ నా మొహం చూసి, తర్వాత గాబు వైపు చూశారు. గాబులో నీళ్లు ప్రతి ఏడూ నీలంగానే ఉంటాయి.

"నేనేనండీ. లెక్క పెట్టానండీ. తొమ్మిది ఎక్కువొచ్చాయి. విప్పి చూడలేదండీ."

ఆవిడ రోలు దగ్గరికి వచ్చి వంగి వాసన చూశారు.

"మెంతులు కలిపారా?"

"కలిపామండీ."

"అయితే ఆపకండి. మెంతులు కలిపింది ఆపితే పులిసిపోతుంది. మళ్లీ కాగితం ఎక్కణ్ణించి తెస్తారు?"

కొంగు నడుం చుట్టూ బిగించి దోపుకుని, గాబు పక్కన పీట వేసుకు కూర్చున్నారు. మోచేతుల దాకా చేతులు ముంచి ఇంకా ముద్ద కాని పీలికలు ఒక్కొక్కటే తీశారు. సుగుణ ఏడుస్తూ తాడు మీద ఆరేసింది. నేను ఏడవలేదు. ఏడిస్తే లెక్క తప్పుతుందని భయం వేసింది. పదకొండు గంటలకి గాబు అడుగు కనబడింది. ఆవిడ చేతిరాత ఉన్నవి నలభై ఒక్క పీలికలు. సిరా బిళ్లలు కలిపి చేసిన సిరా, నీళ్లలో ఒక రాత్రికి ఒక్క అక్షరం మిగలలేదు. పెన్సిలు మాత్రం చెక్కు చెదరలేదు. అంటే మేం అన్న ఇంగ్లీషంతా పోయింది, మేం అనుకున్న తెలుగు మిగిలింది. చేప చచ్చిపోయిందండీ. మా అన్నని పోలీసులు పట్టుకుపోయారండీ. నాకెవరూ చెప్పలేదండీ. ఇలాంటివి నలభై ఒకటి, తాడు మీద.

ఆ బండికి ఆవిడ వెళ్లలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మమ్మల్నందరినీ క్లాసులో కూర్చోబెట్టారు. ఎవరి తప్పులు వాళ్లకి గుర్తుంటాయి కదా, చెప్పండి, మళ్లీ రాసుకుంటాను అన్నారు. గొంతులో కోపం లేదు. మాకు ప్రాణం లేచొచ్చింది. ముప్పై నలుగురం ఉన్నాం, రెండు వందలైనా చెప్పగలం అనుకున్నాం.

మొదటి పది గబగబా వచ్చాయి. అవి క్లాసులో నవ్వులైనవి కాబట్టి అందరికీ గుర్తే. తర్వాత ఆగిపోయింది. నేను లేచి నావి ముప్పై ఏడూ చెప్పాలని మొదలుపెట్టాను. ఐదు చెప్పాను. ఆరోది నోట్లోంచి సరిగ్గా వచ్చేసింది. మళ్లీ చెప్పబోతే మళ్లీ సరిగ్గానే వచ్చింది. ఆవిడ తొమ్మిదేళ్లుగా మా నాలుకల మీద ఉన్నవి ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చారు. ఇప్పుడు అవి కావాలంటే మా దగ్గర లేవు. మాకంటే ముందు చదివి వెళ్లినవాళ్లు పెళ్లిళ్లయి ఎక్కడెక్కడో ఉన్నారు, వాళ్ల దగ్గరా ఉండవు.

అప్పుడు కల్పించడం మొదలుపెట్టాం. ఆవిడకి సాయం చేస్తున్నామనే అనుకున్నాం. సుగుణ లేచి ఒక వాక్యంలో మూడు వాజ్‌లు వేసి చెప్పింది. టీచరమ్మగారు పెన్సిలు ఎత్తి, దించేశారు.

"ఇది నువ్వు చెయ్యలేవే. అంత తెలివితక్కువతనం నీలో లేదు."

"రాసుకోండి అండీ, ఎవరికి తెలుస్తుంది?" అంది సుగుణ.

"నాకు తెలుస్తుందిగా. కావాలని చేసింది తప్పు కాదమ్మా. దాని వెనక తెలుగు ఉండదు. అలాంటివి అచ్చు వేస్తే ఏ పిల్ల తప్పూ దిద్దుకోదు, నా ఉద్యోగం మాత్రం నిలబడుతుంది."

ఆ మాటంటూనే పుస్తకం మూసేశారు. అందులో పదిహేను ఉన్నాయి. సోమవారం పొద్దున బండికి తాడేపల్లిగూడెం వెళ్లిపోయారు. స్టేషనుకి నేను వెళ్లలేదు. వెళ్లిన సుగుణ, ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఆ నలభై ఒక్క పీలికలూ నీలం గుడ్డలో పెట్టుకున్నారని చెప్పింది.

జూలైలో కొత్త టీచరుగారు వచ్చారు. ట్రైనింగు అయినావిడ, మంచి మనిషి, పాఠం బాగానే చెప్పేవారు. మేం తప్పు చేస్తే సరైన వాక్యం బోర్డు మీద రాసి, పది సార్లు రాయమనేవారు. ఏమనుకున్నావని అడిగేవారు కాదు. అడగాలని ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు.

1939 మే నెలలో నాకు పద్దెనిమిదేళ్లు. ట్రైనింగు పూర్తయి, ఆకివీడు దగ్గర చిన్న బడిలో ఉద్యోగం వచ్చింది. చేరేముందు తాడేపల్లిగూడెం వెళ్లాను. అన్నగారి ఇంటి పెరటి వసారాలో టీచరమ్మగారు ఎనిమిది మంది పిల్లలకి ట్యూషను చెబుతున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోమని చూపించి, పాఠం అయ్యేదాకా నా వంక చూడలేదు. పిల్లలు వెళ్లాక మా నాన్న దోనె ఎలా ఉందని, సుగుణ పెళ్లి ఎక్కడయిందని అడిగారు. అన్నీ చెప్పాను. మూడేళ్లుగా మోస్తున్న ప్రశ్న అడగడానికి ఇంకో అరగంట పట్టింది.

"పుస్తకం అచ్చయి ఉంటే మీ ఉద్యోగం నిలిచేదాండీ?"

"నిలిచేదమ్మా," అన్నారు. "దొరసానిగారు మాట తప్పే మనిషి కాదు. నిలిచేది కాదని చెప్పి నిన్ను తేలిక చేద్దామనుకున్నాను, నువ్వు గుమ్మంలో కనబడ్డప్పుడు. కానీ నీకు అబద్ధం చెబితే నువ్వు మళ్లీ లెక్క వేసుకుంటావు."

నేను తల దించుకున్నాను.

"మూట కట్టాల్సిన పుస్తకాలు బల్ల మీద వదిలేసింది నేను. విప్పి చూడాల్సినవి చూడకుండా లెక్క పెట్టింది నువ్వు. చెరి సగం. ఇక ఆ మాట ఎత్తకు. చేప తింటావా, మా వదిన కొరమీను పులుసు పెట్టింది."

తిన్నాను. రెండోసారి వడ్డించుకున్నాను కూడా. సాయంత్రం బండికి వస్తూ, మళ్లీ పుస్తకం మొదలుపెట్టకూడదా అండీ అన్నాను. తొమ్మిదేళ్లు వినే ఓపిక మనిషికి ఒక్కసారే ఉంటుంది అన్నారు. ఆ తర్వాత ఉత్తరాలు రాసుకున్నాం గానీ ఎదురుపడలేదు.

చెరి సగం అన్న లెక్క ఆవిడ వేసింది. నేను ఒప్పుకోలేదు, కాదనడానికి ఆవిడ అవకాశం ఇవ్వలేదు. నాకు తెలిసినంతవరకు పోయినవి ఇవి. 1927 నుంచి 1936 దాకా కుట్టిన పుస్తకాలు తొమ్మిది. పేజీలు ఐదు వందల డెబ్బై ఆరు. వాటిలో ఆవిడ నంబరు వేసిన తప్పులు రెండు వేల మూడు వందల పద్దెనిమిది, గాబులోంచి తిరిగి దొరికిన ఇంగ్లీషు వాక్యాలు సున్న, తెలుగు వాక్యాలు నలభై ఒకటి. ఉద్యోగం ఒకటి. అప్పటికి ఆవిడకు ముప్పై మూడేళ్లు, యాభై ఐదు దాకా పనిచేసేవారు, అంటే ఇరవై రెండేళ్లు. మా బడిలో ఫస్టు ఫారంలోకి కొత్తగా వచ్చే హాస్టలు పిల్లలు ఏడాదికి సుమారు పన్నెండు మంది. ఆవిడ పాఠం వినకుండా వెళ్లిపోయిన ఆడపిల్లలు రెండు వందల అరవై నలుగురు.